మా మామ కొన్న ఫ్రెంచి ఓడ

పోయిన నెల పుత్తూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికొడుకు మేనమామ నన్ను పదిమందికీ చూపిస్తూ, "ఈయమ్మ ఎవురనుకున్నారు? మొగుడు పోయిన మరదలికి ఓడ దానం జేసినాయన ఉండ్లా, ఆ మారాజు కోడలు" అన్నాడు. చాపమీద కూర్చున్నవాళ్ళు కొందరు చేతులు కూడా జోడించారు. నోట్లో తాంబూలం ఉంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే పెళ్ళిపందిట్లో పగలబడి నవ్వేదాన్ని. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన చెప్పిన అబద్ధం మాత్రం ఇంకా పెళ్ళిళ్ళకు వస్తూనే ఉంది.

మా మామ దానం చేశాడంటే నమ్మేవాళ్ళెవరూ ఆయన ఇంట్లో ఒక్కపూట భోజనం చేసి ఉండరు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. కాకికి మెతుకు దొరుకుతుందని ఒక్కటే కాదు, చెయ్యెత్తే పని ఇంకెవరైనా చేస్తారులే అని కూడా.

కార్వేటినగరానికి దగ్గర్లో మా ఊరు. మామ వాళ్ళ తాత సంస్థానం దివాణంలో ఏదో ఉద్యోగం చేశాడట. ఏ ఉద్యోగమో ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు. గుర్రాలకు గుగ్గిళ్ళు పెట్టేవాడని మా పుట్టింటివాళ్ళు అనేవాళ్ళు. మామ మాత్రం "దివాణంలో మా తాత..." అని మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని, అక్కడితో ఆపేసేవాడు. మిగిలింది వినేవాళ్ళే గొప్పగా ఊహించుకోవాలి.

చూడ్డానికి మనిషి బాగానే ఉండేవాడు. పొడుగు, గంధం బొట్టు, భుజంమీద జరీ కండువా. ఎవరేం చెప్పినా కళ్ళు మూసుకుని వినేవాడు. చెప్పడం అయ్యాక తెరిచి, "తెలిసిందేలే" అనేవాడు. ఎద్దు కుంటుతోందన్నా తెలిసిందే. యుద్ధం ఆగిపోయిందన్నా తెలిసిందే. నాకు కొడుకు పుట్టాడని మంత్రసాని సంబరంగా వచ్చి చెబితే, "తెలిసిందేలే" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ముందే తెలిసిన కబురుకు చీర పెట్టక్కర్లేదు కదా. ఆ ముసలామె పాపం వాకిట్లో చాలాసేపు నిలబడి, తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆయనకు ఒక జత బూట్లు ఉండేవి. ఊరినుంచి పుత్తూరు స్టేషను దాకా వాటిని ఒళ్ళో పెట్టుకుని ఎద్దుల బండిలో కూర్చునేవాడు. స్టేషను కనిపించగానే తొడుక్కునేవాడు. రైలెక్కాక కాళ్ళు మంటలని విప్పేసేవాడు. ఇంట్లో ఆడవాళ్ళను పిలవడానికి ఆయనకు పేర్లతో పనిలేదు. ఒకసారి గొంతు సవరించుకుంటే కాఫీ, రెండుసార్లు సవరించుకుంటే భోజనం. జలుబు చేసిన రోజుల్లో మా అవస్థ చెప్పనలవి కాదు.

నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్త పోయింది. మా ఆయన చిత్తూరు కచేరీలో గుమాస్తా, ఆదివారాలకు వచ్చేవాడు. ఇంట్లో ఉండేది మామ, నేను, చిన్నత్త. చిన్నత్త అంటే మామ తమ్ముడి భార్య. ఆ తమ్ముడు పాండిచ్చేరిలో ఒక గుడ్డల కొట్లో పనిచేస్తూ, అక్కడే తరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళ పిల్లను చేసుకున్నాడు. విషజ్వరం వచ్చి చిన్నవయసులోనే పోయాడు. పిల్లల్లేరు. కర్మలు ముగియగానే మామ, "మా ఇంటి కోడలు మా ఇంట్లోనే ఉండాల" అని ఆమెను రైలెక్కించి తెచ్చి వంటింట్లో పెట్టాడు. అక్కడ ఆమె తల్లి ఒక్కతే మిగిలింది. ఆ ముసలామెకు చూపు సరిగా ఆనదు.

తల్లి దగ్గరికి పోవాలని, ఆమెను తనే చూసుకోవాలని, చిన్నత్తకు ఉన్న కోరిక అదొక్కటే. వీలు చిక్కినప్పుడల్లా నాతో అడిగించేది. తనే అడగొచ్చు కదా అంటారేమో. ఆ ఇంట్లో అది కుదరదు. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడకూడదు, ఆమె గొంతు ఆయనకు వినబడకూడదు. తలుపు చాటున నిలబడి నా చెవిలో చెబితే, నేను రెండడుగులు ముందుకు వచ్చి ఆ మాట మామకు చెప్పాలి. అన్నేళ్ళు ఒకే కప్పుకింద ఉండి, ఆమె వండిన కూడు మూడు పూటలా తింటూ, ఆమె గొంతు ఎలా ఉంటుందో ఆయన ఎరగడు.

"అమ్మను సూడను పంపిస్తారేమో అడగమంటా ఉంది మామా" అనేదాన్ని.

"ఫ్రెంచోళ్ళ ఊళ్ళో మనింటి ఆడది ఒంటిగా ఉంటే మన పరువేం గావాల?" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. తలుపు వెనకనుంచి చిన్నత్త వెళ్ళి పొయ్యి ఊదుకునేది. పరువట. పక్క పొలం గట్టు ఏటా ఒక జానెడు జరిపేటప్పుడు ఆ పరువు ఎక్కడికి పోయేదో నేను చాలాసార్లు అనుకునేదాన్ని.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మామ ఎద్దులు కొనడానికని నాయుడుపేట సంతకు వెళ్ళాడు. ఎద్దులు లేకుండా తిరిగొచ్చాడు. అక్కడ పులికాట్ వైపు ఎండురొయ్యల వర్తకుడెవరో కలిశాడట. పాండిచ్చేరి నుంచి సిలోనులోని యాళ్పాణానికి తెరచాప పడవలు పోతాయని, సరుకు వేసి పంపితే లాభాలు వస్తాయని, అక్కడ ఒక ముసలి వర్తకుడు తన పడవ అమ్ముతున్నాడని చెప్పాడట. మామ సముద్రాన్ని చూసింది మద్రాసులో ఒక్కసారి. అప్పుడు కూడా తడుస్తాయని బూట్లు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాడని మా ఆయన చెప్పాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర విషయం బయటపెట్టాడు.

"బియ్యానికి కంట్రోలు, గుడ్డకి కంట్రోలు, కిరసనాయిలుకి కంట్రోలు. సముద్రానికి కంట్రోలుండాదా? లేదు. ఓడకి ఫ్రెంచి జెండా కట్టినామంటే, తాసిల్దారు గాదు, తాసిల్దారు తాత గూడా దానిమీద కాలు పెట్టలేడు."

"మనకు పడవల సంగతి తెలీదు గదా నాయనా" అన్నాడు మా ఆయన.

"తెలిసిందేలే" అన్నాడు మామ.

అప్పటినుంచి ఆ ఇంట్లో దాన్ని పడవ అనకూడదు, ఓడ అనాలి. ఏటిగట్టు చెరుకు మడి అమ్మేశాడు. మా ఆయన్ను వెంటబెట్టుకుని పాండిచ్చేరి వెళ్ళాడు. ఊరికి దక్షిణాన ఏటిమొగలో కట్టి ఉందట ఆ పడవ, రెండు స్తంభాలది. మామ దాన్ని ఎద్దును చూసినట్టే చూశాడట. చుట్టూ తిరిగి, పక్కల మీద అరచేత్తో చరిచి, పలకల్లో ముడులున్న చోటల్లా వేలుపెట్టి, "ఈ సుడి మంచిది, ఈ సుడి యజమానికి అచ్చిరాదు" అన్నాడట. అడుగున నీళ్ళు ఎంత ఊరుతున్నాయో మాత్రం అడగలేదు, ఎద్దులకు ఆ రోగం ఉండదు కాబట్టి. మా ఆయన నాకు ఇదంతా చెబుతూ నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తండ్రి ఎదుట నవ్వే ధైర్యం ఏనాడూ లేదు.

కొనడం అయ్యాక అసలు తిరకాసు తెలిసింది. ఫ్రెంచి జెండా ఎగరాలంటే పడవలో సగమైనా ఫ్రెంచి ప్రజ పేరున ఉండాలట. అక్కడ పుట్టినవాళ్ళయితే సరిపోతుందట. కార్వేటినగరం దివాణం అక్కడ చెల్లలేదు. మామ ఇంటికొచ్చి రెండురోజులు మంచంమీద కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మూడోరోజు కళ్ళు తెరిచి వంటింటి వైపు చూశాడు. చిన్నత్త పాండిచ్చేరిలో పుట్టిన మనిషి కదా.

మా ఆయన సగం రాస్తే చాలు కదా అన్నాడు. మామ వినలేదు.

"సగమంటే ఇద్దరు యజమానులు. ఇద్దరు యజమానులుంటే ఓడ నడవదు. అంతా ఆమె పేరునే పెడదాం. పెరట్లో ఆవు పేరున పెట్టినట్టే గదా. నోరూ వాయీ లేని మనిషి."

ఇలాంటి తెలివి మన వైపు కొత్తేమీ కాదు. అప్పులవాడు వస్తే పొలం పెళ్ళాం పేరున, తాసిల్దారు వస్తే తోట వితంతువైన అక్క పేరున. పేరు పెట్టించుకున్న ఆడదానికి ఆ సంగతి చెప్పేవాళ్ళు కూడా అరుదు. మామ నాకు చెప్పాడు, నేను వెళ్ళి చిన్నత్తకు చెప్పాను. ఆమె చింతపండు పిసుకుతోంది. పడవ ఎంత పెద్దదని అడగలేదు, ఎందుకని అడగలేదు.

"పాండిచ్చేరి పోతే అమ్మను సూడొచ్చునా?" అంది.

చిన్నత్తకు తోడుగా నన్నూ తీసుకెళ్ళారు. అరక్కోణం, చెంగల్పట్టు, విల్లుపురం, ఎన్ని రైళ్ళు మారామో. పాండిచ్చేరి పొలిమేరలో సుంకంవాళ్ళు మూటలు విప్పించి చూస్తుంటే, మామ బూట్లు తొడుక్కుని, "ఓడ యజమానుల మూటలప్పా ఇవి" అన్నాడు. వాళ్ళు మా అటుకుల మూట కూడా విప్పారు.

రేవు కచేరీలో ఒక ఫ్రెంచి దొర, పక్కన ఒక దుబాసీ. దుబాసీ మన తెలుగువాడే, తమిళం కలిపి మాట్లాడేవాడు. దొర ఏదో అన్నాడు. దుబాసీ చిన్నత్త వైపు తిరిగి, "అమ్మా, ఈ పడవ నీదేనా అని అడుగుతున్నారు" అన్నాడు.

"ఆమెదే, ఆమెదే" అన్నాడు మామ.

"ఆమె చెప్పాల" అన్నాడు దుబాసీ.

మామ నా వైపు చూశాడు. నేను చిన్నత్త వైపు చూశాను. ఆమె తల ఊపింది. దొరకు అది చాలింది. సంతకానికి కాగితం జరిపితే మామ, "వేలిముద్ర, వేలిముద్ర" అంటూ సిరాముద్ద కోసం వెతికాడు. చిన్నత్త కలం అందుకుని, గొలుసుకట్టు ఫ్రెంచి అక్షరాల్లో తన పేరు రాసింది. చిన్నప్పుడు కన్యాస్త్రీల మఠం బడిలో చదువుకుందట. మా ఇంట్లో ఇన్నేళ్ళున్నా ఆమెకు చదువొచ్చా అని ఎవరూ అడగలేదు, కాబట్టి ఎవరికీ తెలియదు. మామ ఆ సంతకాన్ని తలకిందులుగా చూసి, "తెలిసిందేలే" అన్నాడు.

ఆ సాయంకాలం తల్లి దగ్గరికి వెళ్ళాం. ముసలామె కూతురి మొహమంతా చేతులతో తడిమి, "ఇంత చిక్కిపోయినావేమే" అని ఏడ్చింది. ఇల్లంతా దుమ్ము. పొయ్యిమీద మాడిన గంజి. చిన్నత్త కొంగు దోపి చీపురు పట్టుకుంది. ఒక్క నెల ఉండనివ్వమని నాతో అడిగించింది. మామ వీధి అరుగుమీద కూర్చుని, "పరువేం గావాల?" అన్నాడు. పొద్దున్నే రైలు. కూతురు వెళ్ళిపోతుంటే ఆ ముసలామె గుమ్మంలో నిలబడి, మేము లేని వైపు చెయ్యి ఊపింది. నాకు అప్పుడు మామను ఏదైనా పెట్టి కొట్టాలనిపించింది. ఇప్పటికీ ఆ మాట దాచుకోను.

ఊరికొచ్చాక ఆయన వైభవం చూడాలి. దర్జీ చేత నీలం, తెలుపు, ఎరుపు పట్టీలతో జెండా కుట్టించి మిద్దెమీద కట్టించాడు. కాంగ్రెసు పిల్లకాయలు అది చూసి, వయసు మీద పడ్డాక ఈయనకూ దేశభక్తి పుట్టిందనుకుని దండ పట్టుకొచ్చారు. ఒకడు రాట్నం ఏదని అడిగాడు. "ఇది సముద్రం జెండా" అన్నాడు మామ. దండ మాత్రం వేయించుకున్నాడు. అంతకుముందు అదే మిద్దెకింద తాసిల్దారుకు వేసిన దండలకు లెక్కలేదు.

ఇక పడవకు పూజ చేయించాలన్నాడు. చిత్తూరునుంచి వాస్తు చూసే శాస్త్రిని కుదిర్చాడు. మళ్ళీ ప్రయాణం. ఈసారి చిన్నత్తను తీసుకెళ్ళలేదు. పడవ ఎవరి పేరున ఉందో ఆమె, బొట్టులేని మనిషి కాబట్టి, ఆ పడవ పూజకు ఎదురు రాకూడదు. ముత్తైదువ కావాలని నన్ను తీసుకెళ్ళారు. ఇల్లు దాటేటప్పుడు చిన్నత్త నా చేతికి చిన్న మూట ఇచ్చింది. తల్లికి సున్నుండలు. "నేను సేసినానని జెప్పు" అంది. ఆమె ఓడకు పసుపు కుంకుమా నేను పెట్టాను.

శాస్త్రి ఏటిగట్టున నిలబడి దిక్సూచి చూశాడు. పడవ మీద సరుకు వేసే చెక్క గది ఒకటుంది. దాని తలుపు చుక్కాని వైపు, అంటే వెనకవైపు ఉంది. "పడమటి ద్వారం. పనికిరాదు" అన్నాడు. సరే, భోంచేసి వచ్చి ఏం చేయాలో చూద్దామన్నారు. మేము తిని వచ్చేసరికి ఆటుపోటు మారి పడవ లంగరు చుట్టూ తిరిగిపోయింది. తలుపు తూర్పుకు ఉంది. శాస్త్రి దిక్సూచిని తట్టాడు, విదిలించాడు. పడవ నడిపే తండేలు పులికాట్ వైపువాడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. సాయంకాలానికి తలుపు ఉత్తరానికి వచ్చింది.

"ఇది నిలకడలేని కొంప" అన్నాడు శాస్త్రి.

"తెలిసిందేలే. దీనికి పరిహారమేమి?" అన్నాడు మామ.

శాస్త్రి దిక్సూచిని సంచిలో పెట్టేశాడు. తీసుకున్న దక్షిణకు ఏదో ఒకటి చెప్పాలి కదా. "దిక్కు నిలవనప్పుడు ముందూ వెనకా సూడాల. ముందర తలుపు లేని ఇల్లు యాడన్నా ఉండాదా? వెనక తలుపు మూసేసి, ముందర తెరిపించండి" అన్నాడు.

"ముందర తలుపు పెడితే అలొచ్చి కొడతాది సామీ" అన్నాడు తండేలు.

"కొడితే మూసుకుంటాములే" అన్నాడు మామ. తండేలుకేం? కూలి ముందే తీసుకున్నాడు, పడవ తనది కాదు. వడ్రంగి వచ్చి రెండురోజుల్లో ముందువైపు తలుపు కోశాడు. దానికి గడప, గడపకు పసుపు, పైన మామిడాకుల తోరణం. సముద్రంమీద గడప ఉన్న పడవ అదొక్కటే అయ్యుంటుంది.

మొదటి ప్రయాణానికి మన వైపు చింతపండు బస్తాలు నింపి యాళ్పాణానికి పంపాడు. మొగ దాటి బయటపడ్డాక అలలు ఆ గడప తొక్కి లోపలికి వచ్చాయి. తలుపు మూశారట, తలుపు ఊడి వచ్చిందట. మధ్యాహ్నానికి పడవ తిరిగొచ్చింది. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు. చింతపండు అంతా నాని, బస్తాలనుంచి కారుతోందట. ఈ కబురు మేము చెప్పకుండానే ఊళ్ళోకి వచ్చేసింది. "మీ మామ సముద్రానికి పులుసు పెట్టినాడంటనే, ఉప్పు సరిపోయిందా?" అని నీళ్ళ బావి దగ్గర అడిగేవాళ్ళు. నాకు సిగ్గేసిన మాట నిజం. నవ్వొచ్చిన మాట కూడా నిజమే.

అంతటితో మామకు సముద్రం మీద మోజు తీరింది. ఎవరో కారైక్కాలు వర్తకుడు ఉన్నదున్నట్టు కొంటానన్నాడు. అమ్మాలంటే మళ్ళీ చిన్నత్త సంతకం కావాలి. పిల్లాణ్ణి ఎప్పటిలాగే మా అమ్మ దగ్గర వదిలి, మళ్ళీ ముగ్గురం రైలెక్కాం. అదే కచేరీ, అదే దొర, అదే దుబాసీ. వర్తకుడు కూడా వచ్చి కూర్చున్నాడు. దొర కాగితాలు తిరగేసి ఒక మాట అడిగాడు. రోజుకు పదిమందిని అడిగే మాటే అయ్యుంటుంది, తలెత్తకుండానే అడిగాడు.

దుబాసీ చెప్పాడు. "అమ్మా, ఈ పడవను అమ్మడం నీకు ఇష్టమేనా అని అడుగుతున్నారు."

చిన్నత్త తలెత్తింది. ఇష్టమేనా అని. ఆ మాట ఆమెను పుట్టింట్లో ఎవరైనా అడిగారేమో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మామ అలవాటుగా నా వైపు తిరిగి, "ఊ అనమను" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె దుబాసీ మొహంలోకి చూస్తూ, "లేదు. నాకు ఇష్టం లేదు" అంది.

సన్నటి గొంతు కాదు ఆమెది. కొంచెం బొంగురుగా, గట్టిగా ఉంటుంది. ఆ గదిలో అందరికీ వినపడింది. మామకు కూడా. అయినా ఆయన నన్నే అడిగాడు.

"ఏమంటా ఉండాది?"

"ఇష్టం లేదంట మామా."

మామ దుబాసీ వైపు తిరిగాడు. "అది మా ఓడప్పా. మాట వరసకి ఆమె పేరున పెట్టినాము. దొరకు జెప్పు."

దుబాసీ గొంతు తగ్గించాడు. "జెప్పమంటే జెప్తానండి. దొంగ పేరుతో ఫ్రెంచి జెండా కట్టినారని ఆయన మిమ్మల్ని ఈ ఊళ్ళోనే ఉంచేస్తాడు. జెప్పేదా?"

మామ చెప్పమనలేదు. అందరం బయటికి, కచేరీ వరండాలోకి వచ్చాం. మామ ఒక స్తంభం పక్కన, చిన్నత్త ఇంకో స్తంభం పక్కన. మధ్యలో నేను. ఇద్దరికీ నడుమ దూరం రెండు బారలు కూడా ఉండదు. ఒకరి మాట ఒకరికి బాగా వినిపిస్తుంది. అయినా పద్ధతి పద్ధతే.

"ఏంటికి ఇష్టం లేదంటనో అడుగు" అన్నాడు మామ నాతో.

చిన్నత్త నాతోనే చెప్పింది, కానీ ఈసారి చెవిలో కాదు. "నాకు పడవ వద్దని జెప్పమ్మా. ఆయన సొమ్ము ఆయనకే. నేను మా అమ్మ దగ్గర ఈడ్నే ఉండిపోతాను, సరేనని ఒక్క మాట బావగారు అంటే, లోపలికి పోయి సంతకం పెట్టేస్తాను."

నేను ఆ మాటే మళ్ళీ చెప్పాను. ఒక్క మాట. ఉండమ్మా అంటే చాలు. చెరుకు మడి పోయినా సగం సొమ్మైనా చేతికొచ్చేది. వర్తకుడు గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. ఆ ముసలామె రెండు వీధుల అవతల గంజి మాడ్చుకుంటోంది. అను మామా, అను అని నేను మనసులో అనుకుంటున్నాను, ఆయన మీద ప్రేమతో కాదు.

మామ కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. "మనింటి ఆడది నాకు షరతు పెట్టేదా? యాడికి పోతాది? నాలుగు దినాలు కడుపు మాడితే ఆమే వస్తాది. పదమ్మా రైలుకు" అన్నాడు, కండువా దులిపి.

ఈ మాట నేను తిరిగి చెప్పక్కర్లేకపోయింది. చిన్నత్త నా చెంప ఒకసారి నిమిరింది. "పోయిరామ్మా. పిల్లోడి పాలు మరిసిపోవద్దు" అంది. మెట్లు దిగి తల్లి ఇంటివైపు నడిచింది. వెనక్కి చూడలేదు.

ఆమె రాలేదు. నాలుగు దినాలకూ రాలేదు, నాలుగేళ్ళకూ రాలేదు. ఆ ముందు తలుపుకు అడ్డంగా పలకలు కొట్టించి, పడవను తండేలుకే అద్దెకిచ్చింది. దాంతో తల్లీకూతుళ్ళు గంజి తాగారు, తర్వాత అన్నమే తిన్నారు. ముసలామె కూతురి చేతుల్లోనే పోయిందని ఎవరో చెబితే నేను విన్నాను. మామ కోర్టుకెక్కలేడు, ఎక్కితే తన దొంగతనమే బయటపడుతుంది. అందుకని ఊళ్ళో, "పాపం దిక్కులేని ఆడది, నేనే ఇచ్చేసినా" అనడం మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత్తర్వాత నమ్మారు. ఆయన కూడా నమ్మాడనుకుంటాను. ఎవరైనా పొగిడితే కళ్ళు మూసుకుని వినేవాడు.

కానీ ఆ రోజు రైల్లో ఆయన ఎలా ఉన్నాడో చూసినదాన్ని నేనొక్కదాన్నే. విల్లుపురం దాటింది, చెంగల్పట్టు దాటింది, కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. బూట్లు విప్పడం కూడా మరిచిపోయాడు. నాకు కొంచెం జాలి వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. పొలం పోయింది, పడవ పోయింది, పదిమందిలో మాట పోయింది. తను చేసింది ఇప్పుడు తలుచుకుంటున్నాడేమో, ఆ గుడ్డి ముసలామె గుర్తొచ్చిందేమో అనుకున్నాను. అరక్కోణంలో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద మూటల పక్కన కూర్చున్నాం. మామ నా వైపు తిరిగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన ఒక మనిషిని నిజంగా ఒక ప్రశ్న అడగడం నేను అప్పుడే చూశాను.

"రేప్పొద్దున వంటెవురు జేస్తారు?" అన్నాడు.

ఇన్నేళ్ళూ పరువు, పరువు అన్నది దీన్ని. ఆయనకు జవాబు అక్కర్లేదు, అప్పటికే గొంతు సవరించుకుంటున్నాడు. ఆ మర్నాటినుంచి ఆయన కన్నుమూసేదాకా ఆ పొయ్యి దగ్గర కూర్చున్నది నేనే. నా పేరున ఏ పడవా లేదు.